మదర్ ఆఖరి మాటలు

పొద్దు గుంకాక ఆ బడి చివరి వసారా వైపు ఎవరూ వెళ్ళరు. వెళ్ళరంటే వెళ్ళరు, అంతే. సంచి మర్చిపోయిన పిల్లలంటే సరే, పసివాళ్ళు... కళ్ళజోడు మర్చిపోయిన టీచర్లు కూడా, తెల్లారాక చూసుకుందాంలే అని దారి తడుముకుంటూ ఇంటికి పోయేవారట.

క్రైస్తవుల గుడి ప్రహరీలోనే ఉన్న చిన్న బడి అది. అయిదో తరగతితో సరి. గుడివైపు గదులన్నిటికీ వెలుతురు బాగానే వస్తుంది. ఆ చివరి వసారాకి మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాలి. దాని గోడకి కన్యాస్త్రీల ఫోటోలు వరసగా వేలాడుతుంటాయి — బడిని నడిపి, కాలం చేసినవాళ్ళు. వరస ఆఖర్న మదర్ ఫోటో. ఆ ఫోటో పక్కనే కుట్టు గది తలుపు.

కుట్టు గది అనేది పాత పేరు. ఇప్పుడక్కడ ఒకటో తరగతి నడుస్తోంది. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు బెంచీలన్నీ చిందరవందర చేసి పరుగెడతారు. పొద్దున వచ్చి చూస్తే — బెంచీలు తాడు పట్టి సర్దినట్టు ఉంటాయి. సుద్దముక్కలు డబ్బాలో ఉంటాయి. కిటికీలు గడియ పెట్టి ఉంటాయి.

ఎవరు సర్దారు?

గుడికీ బడికీ గంట కొట్టే ముసలాయన ఒకాయన ఉన్నాడు, గంటాయన అంటారు. ఆయన్ని అడిగితే రెండు చెవులూ పట్టుకున్నాడు. "నేనా? చీకటి పడ్డాక అటువైపా? నాకింకా బతకాలనుంది నాయనా..."

మరింకెవరు?... మదరే!

మదర్ బడిలో ఉన్న రోజుల్లో ఆవిడ బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, దగ్గొచ్చినవాడు దగ్గు మింగేసేవాడట. ఆవిడ నవ్వగా చూసిన మనిషి లేడు. అలాంటావిడ చచ్చినంత మాత్రాన ఊరుకుంటుందా? రాత్రిపూట వచ్చి బెంచీలు సర్దుతుందనీ, ఎవడు వంకరగా కూర్చున్నాడో బెంచీ వాసన చూసి కనిపెడుతుందనీ పిల్లలు చెప్పుకునేవారు. చెప్పుకుని, ఆ రాత్రి పక్క తడిపేవారు.

ఇక్కడ మీ చెవిలో ఒక మాట. బెంచీలు సర్దేది మదరూ కాదు, దెయ్యమూ కాదు. పెద్ద టీచరు.

అవునండీ, సాక్షాత్తూ ఆ బడి పెద్ద టీచరే! అందరూ వెళ్ళాక చెప్పులు చేతబట్టుకుని వెళ్ళి, చకచకా సర్దేసి, తాళం వేసి, పిల్లిలా బయటికొచ్చేది. పొద్దున ప్రార్థన వేళ, "నిన్న రాత్రి కూడా మదర్ వచ్చి వెళ్ళారు పిల్లలూ..." అని ఒక నిట్టూర్పు. బెత్తంతో పని లేకుండా బడంతా గప్‌చుప్. ఆవిడకి దెయ్యాలంటే భయం ఉంటుందా? దెయ్యాన్ని తయారుచేసి, పోషించి, జీతం లేకుండా పనిలో పెట్టుకున్న మనిషికి భయమేమిటి!

అసలావిడ పెద్ద టీచరు అయిందే మదర్ పుణ్యాన. ఆ సంగతి వినండి.

ఆ బడిలో మిగిలిన ఆఖరి కన్యాస్త్రీ మదరే. ముసలితనం మీద పడ్డాక, ఎక్కడో దూరాన ముసలి కన్యాస్త్రీలుండే ఇంటికి వచ్చెయ్యమని పైనుంచి కబురొచ్చింది. సన్మానాలూ సాగనంపడాలూ ఆవిడకి గిట్టవు. తెల్లవారుజామున చడీచప్పుడు లేకుండా బస్సెక్కింది. ఆ వేళప్పుడు పెట్టె మోసుకెళ్ళి ఎక్కించింది, అప్పటికి రెండో తరగతికి చెబుతున్న మన టీచరొక్కతే.

కొన్నాళ్ళకి, కొత్తగా వచ్చిన ఫాదర్ గారు మృతుల కోసం చేసే పూజలో మదర్ పేరు కూడా చదివారు. గుడి గుడంతా గొల్లుమంది. ఆ ఏడుపుల మధ్య మన టీచరు లేచి, కళ్ళు తుడుచుకుంటూ, "మదర్ ఆఖరిసారిగా నాతోనే మాట్లాడారు ఫాదర్... బడిని చూసుకో అన్నారు," అంది.

అంతే! అనుభవం ఉన్నవాళ్ళనీ పెద్ద చదువులవాళ్ళనీ పక్కనపెట్టి ఫాదర్ గారు ఆ కుర్చీ ఈవిడకిచ్చేశారు. కాలం చేసిన కన్యాస్త్రీ ఆఖరి మాట తీసెయ్యడానికి ఎవరికి నోరొస్తుంది?

అప్పట్నుంచి ఏటా మదర్ పేరున పూజ. ఏటా ఈవిడ మైకు ముందుకొచ్చి ఆ ఆఖరి మాటలు చెప్పడం. చెప్పగా చెప్పగా అవి కాస్తా ఒళ్ళు చేశాయి. మొదటేడు "బడిని చూసుకో." మరుసటేడు "బడిని నీ చేతుల్లో పెడుతున్నాను." ఆపైన మదర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపైన ఈవిడ తల మీద చెయ్యి పడింది. పోయినేడు బస్సులో ఏదో వెలుగు కూడా కనిపించింది...

మరి మదర్ నిజంగా అన్నదేమిటి? అది ఈవిడకి తప్ప ఇంకొకరికి తెలీదు. తెలిసిన రోజున కుర్చీ పోతుంది. ఆ కుర్చీ అంటే ఈవిడకి ప్రాణం. అది పోతే రెండో తరగతిలోకి తిరిగి వెళ్ళడానికి మొహం కూడా చెల్లదు.

ఇక ఆ రాత్రి సంగతి.

తెల్లారితే మదర్ పూజ. గుళ్ళో జపమాల అయిపోయింది. జనం వెళ్ళిపోయారు. అంతలో కరెంటు కూడా పోయింది. పెద్ద టీచరు కొవ్వొత్తి వెలిగించుకుని, చెప్పులు చేతబట్టుకుని, వసారాలోకి వచ్చింది. రెండు పనులున్నాయి — బెంచీలు సర్దాలి, రేపు చెప్పాల్సిన మాటలు ఒకసారి పైకి అనుకుని చూసుకోవాలి.

కుట్టు గది తాళం తియ్యబోయింది.

తాళం... తీసే ఉంది.

"నాకు మతిమరుపు ఎక్కువైంది," అనుకుంటూ తలుపు తోసింది. కొవ్వొత్తి పైకెత్తింది.

బెంచీలు సర్ది ఉన్నాయి.

తాడు పట్టినట్టు. సుద్దముక్కలు డబ్బాలో... కిటికీలకి గడియలు...

తను సర్దలేదు! ఇంకా సర్దలేదు! ఇప్పుడేగా వస్తోంది!

గంటాయనేమో అనుకుంది. బంగారం పోస్తానన్నా గంటాయన ఇటు రాడు. పోనీ ఒకటో తరగతి టీచరా? ఆవిడ గంట కొట్టకముందే సంచి భుజాన వేసుకునే రకం. మరి...

మెల్లగా వెనక్కి తిరిగింది. వసారా గోడ మీదికి వెలుతురు పట్టింది. ఫోటోలన్నీ ఉన్నాయి. ఆఖరిది... లేదు. మేకు మాత్రం ఉంది. మేకు కింద గోడ మీద నలుచదరపు తెల్ల మచ్చ.

ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. ఈవిడ పెద్ద టీచరు కదా, "గాలికి పడి ఉంటుంది," అంది పైకే. పడితే గాజుపెంకులేవీ? — ఆ ప్రశ్నని దగ్గరికి రానివ్వలేదు. ధైర్యం రావాలంటే గట్టిగా మాట్లాడటమే మందు. గది మధ్యకి వచ్చి, గొంతు సవరించుకుని, రేపటి ప్రసంగం అందుకుంది.

"ప్రియమైన విశ్వాసులారా... ఆ తెల్లవారుజామున మదర్ నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి వణుకుతోంది. 'తల్లీ, ఈ బడి నా ప్రాణం. నా ప్రాణాన్ని నీ ఒళ్ళో పెట్టి వెళుతున్నాను,' అన్నారు..."

"ఆ ముక్క నేనెప్పుడన్నాను?"

గుసగుసగా... మూలనుంచి. బీరువా పక్కన, చీకట్లోంచి.

కొవ్వొత్తి చేతిలోంచి జారిపోయింది. ఆరిపోయింది.

టక్... టక్... బూట్ల చప్పుడు. దగ్గరికొస్తోంది. గొంతులో బయల్దేరిన కేక, ఆ చప్పుడు విని మళ్ళీ లోపలికే పోయింది. చిన్నప్పటి అలవాటు మరి — తనూ ఆ బడిలోనే చదివింది.

"ప్రభువా... ఈ ఆత్మకు నిత్య... నిత్య..." ప్రార్థన నోరు తిరగడం లేదు. సిలువ గుర్తు వేసుకోబోయింది.

"కుడి చేత్తో," అంది చీకట్లోని గొంతు.

కుడి చేత్తో వేసుకుంది.

"మదర్... ఎన్ని పూజలు పెట్టించమంటే అన్నీ పెట్టిస్తాను... మీకింకా మోక్షం రాలేదా మదర్? మా ప్రార్థనలు చాలలేదా?"

"ముందు కాసిని టీ నీళ్ళు పెట్టు. పొద్దుననగా ఎక్కిన బస్సు. కడుపులో చుక్క పడలేదు."

బస్సా?...

అగ్గిపుల్ల భగ్గుమంది. ఆ వెలుగులో మొహం కనిపించింది. ముడతలు పడ్డ మొహం, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, తల మీద తెల్ల ముసుగు. మదర్! తన ఫోటో తనే చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"నా చెయ్యి ముట్టుకు చూడు పిల్లా," అంది.

ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

పోయిన ప్రాణం లేచొచ్చింది పెద్ద టీచరుకి. హమ్మయ్య, దెయ్యం కాదు, బతికే ఉంది అనుకుంది. ఆ వెంటనే — బతికే ఉందా! అయ్యో, బతికే ఉందే! రేపు పూజ, రేపు ఆఖరి మాటలు... దేవుడా, దెయ్యమైనా బాగుండేదే, కోడి కూసేసరికి పోయేది! ఆవిడకి అసలైన భయం అప్పుడు పట్టుకుంది.

ఆఫీసు గదిలో స్టవ్వు మీద టీ మరుగుతుంటే మదర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ కుర్చీయో చెప్పాలా? అదే కుర్చీ. ఫోటోని బల్ల మీద పెట్టి, కొవ్వొత్తి దగ్గరికి జరిపి చూసింది.

"ఇలా గంటు పెట్టుకున్న మొహమే దొరికిందా నీకు?"

"మీ ఫోటోలన్నీ అలాగే ఉన్నాయి మదర్..."

"ఊ. సరే, నన్ను చంపిందెవరు?"

పెద్ద టీచరు టీ గిన్నె దించి గ్లాసులో పోసింది.

"మేముండే ఇంటికి మీ గుడి పిల్లే ఒకతి నర్సుగా వచ్చింది," అంది మదర్. "మంచినీళ్ళు ఇమ్మని అడిగాను. నా మొహం చూసి గ్లాసు వదిలేసి కెవ్వుమంది. నేను పోయానన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. అదేదో చూసిపోదామని వచ్చాను. వచ్చేసరికి గుళ్ళో జపమాల. ఎవరి గుండె ఆగిపోతుందో ఏమోనని ఇటు తిరిగాను. పాత తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండిపోయిందిలే. లోపల చూద్దును కదా, బెంచీలు! చూస్తూ ఊరుకోలేక సర్దాను. సరే, చెప్పు. నేను పోయానన్న కబురు తెచ్చిందెవరు?"

పెద్ద టీచరు ఎంత ఆలోచించినా కబురు తెచ్చిన మనిషి గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఇంకొకటి. మదర్ వెళ్ళిన కొత్తలో ఆ ఫోటో కట్టించింది తనే. ఎక్కడైనా మంచిచోట తగిలించమని గంటాయన చేతికిచ్చింది. ఆఫీసు గోడ గట్టిది, మేకు దిగలేదట. వసారాలో ఒక మేకు ఖాళీగా కనిపించింది. తగిలించేశాడు — పోయినవాళ్ళ వరసలో! కొత్త ఫాదర్ గారు మృతుల పూజకి ఆ గోడ చూసుకునే పేర్లు చదివారు. గుడంతా ఏడ్చింది. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని ఒక్కరైనా అడిగారా? అడిగితే తమకొక్కరికే కబురందలేదని నలుగురికీ తెలిసిపోదూ! పక్కవాళ్ళకి తెలుసు కాబోలని ప్రతి ఒక్కరూ ఏడ్చారు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది గంటాయన.

"మేకు చంపిందన్నమాట నన్ను," అంది మదర్ అంతా విని. టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "పోనీలే. పోయానన్నందుకు నాకేం బాధ లేదు. ఏటా పూజలు పెడుతున్నారట, ముందే జమ అవుతున్నాయి, మంచిదే అనుకున్నా. కానీ ఇందాక గేటు దగ్గర ఒక పిల్ల నన్ను చూసి, 'బెంచీల మదర్ వచ్చేసింది' అని ఏడుస్తూ పరిగెత్తింది. నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు, నాకు తెలుసు. తప్పు చేసి తిట్లు తిని ఏడ్చేవాళ్ళు. ఈ పిల్ల నన్ను ఎన్నడూ చూడనే లేదే... దాన్ని నేనేం చేశాను పిల్లా?"

మదర్ గొంతు అలా వణకడం పెద్ద టీచరు ఎన్నడూ వినలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. తల ఎత్తలేకపోయింది. అయినా, ప్రాణం ఊరుకోనివ్వదు కదా...

"మదర్... రేపు ఒక్క పూట..."

"ఊ?"

"కనబడకండి మదర్. పూజ అయ్యాక మెల్లగా ఫాదర్ గారికి నేనే చెప్పుకుంటాను..."

"అంటే, ఇంకొక్క పూట చచ్చి ఉండమంటావు."

అవునని నోటితో అనలేక తలూపింది.

"వెనక బల్లలో కూర్చుంటాను. నేనుగా నోరెత్తను," అంది మదర్. "నా ఆఖరి మాటలు నేను కూడా వినాలి కదా."

ఆ రాత్రి పెద్ద టీచరుకి కంటి మీద కునుకు లేదు. మదర్ మాత్రం ఆఫీసు బల్ల మీద పడుకుని హాయిగా గురక పెట్టింది.

మర్నాడు గుడి కిటకిటలాడింది. ముందు వరసల్లో బడి పిల్లలు, వెనక పెద్దవాళ్ళు. అందరికంటే వెనక, స్తంభం చాటున, శాలువా నెత్తి మీదిదాకా కప్పుకుని ఒక ఆకారం... ఎవరో పొరుగూరి ముసలమ్మ అనుకున్నారు చూసినవాళ్ళు. ఫాదర్ గారు తలూపారు. పెద్ద టీచరు మైకు ముందుకొచ్చింది.

నోరెత్తనంది కదా, మదర్ మాటంటే మాటే అనుకుంది. ఈ ఒక్కసారి గట్టెక్కితే చాలు.

"ప్రియమైన విశ్వాసులారా... ఆ తెల్లవారుజామున మదర్ నా తల మీద..."

ముందు వరసలో ఒకటో తరగతి పిల్లలు కనిపించారు. కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు. మదర్ అన్న మాట చెవిన పడగానే ఒక పిల్ల పక్కపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, భయంభయంగా వెనక్కి చూసింది. ఆ పిల్ల వయసులో తను కూడా మదర్‌కి భయపడేది. కానీ అదే మదర్, తనకి జ్వరమొస్తే ఎత్తుకుని ఇంటిదాకా దింపింది కూడా. ఈ పిల్లలకి ఆ సంగతి ఎవరు చెప్పారు?

"...చెయ్యి పెట్టలేదు," అంది.

ఫాదర్ గారు తలెత్తారు.

"చెయ్యి పెట్టలేదు. ఏడవలేదు. బస్సులో వెలుగూ లేదు, ఏమీ లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, 'పెరట్లో కొళాయి కారుతోంది, వెళ్ళి కట్టెయ్,' అన్నారు. అంతే! బడి ఊసే ఎత్తలేదు. మిగతాదంతా నేను కల్పించాను. పిల్లలూ, బెంచీలు సర్దింది కూడా నేనేనమ్మా. మదర్ ఎవర్నీ భయపెట్టలేదు. తప్పంతా నాది..."

గుడంతా తేనెటీగలు లేచినట్టు లేచింది. "ఎన్నేళ్ళు ఏడిపించింది మనల్ని!" అన్నారొకరు. "నేను అప్పుడే అనుకున్నా," అన్నారు అప్పుడేమీ అనుకోనివాళ్ళు. ఫాదర్ గారి మొహం కందగడ్డలా అయింది.

"టీచరుగారూ... బడి తాళాలు," అని చెయ్యి చాపారు.

పెద్ద టీచరు తాళాల గుత్తి తీసింది. కళ్ళు కనపడటం లేదు.

"ఆగండి ఫాదర్!"

వెనకనుంచి... టక్... టక్... శాలువా జారిపోయింది.

ఏం చెప్పమంటారు! ఒకరి మీద ఒకరు పడ్డారు. బల్లల కింద దూరారు. ఒకాయన తీర్థపు తొట్టెలో ముంచిన చెయ్యి ముంచినట్టే ఉంచుకుని కేకలు పెట్టాడు. గంటాయన పరుగు గేటు దాకా ఆగలేదు. ఫాదర్ గారు పీఠం మీది సిలువ తీసి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు.

"చేతులు దించండి ఫాదర్, లాగుతాయి," అంది మదర్. "నేను చావలేదు. ఎందుకు చావలేదో తర్వాత తీరిగ్గా చెబుతా. ముందు ఈ అమ్మాయి సంగతి. ఇది చెప్పింది నిజమే, కానీ సగమే. కొళాయి మాట అయ్యాక ఇంకోటి కూడా అన్నాను. 'ఈ బడికి నీకంటే తగిన మనిషి లేదు,' అని. అప్పటికి కిటికీ అద్దం వేసేశాను. దీనికి వినపడలేదు. అంతే."

మదర్ అంటే మదరే. ఫాదర్ గారు సిలువ పీఠం మీద పెట్టేసి, తాళాల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పెద్ద టీచరు మాత్రం కొయ్యబారిపోయింది. ఆ బస్సుకి అద్దాలెక్కడివి? ఒక్క కిటికీకీ లేవు. ఆ కిటికీ పట్టుకునే తను బస్సుతోపాటు రోడ్డు మలుపు దాకా నడిచింది. కొళాయి మాట తర్వాత మదర్ పెదవి విప్పలేదు.

ఆ పూజని ఏం చెయ్యాలో ఫాదర్ గారికి పాలుపోలేదు పాపం. మృతురాలి కోసం మొదలుపెట్టిన పూజాయె, ఆ మృతురాలేమో ముందు బల్లలో కూర్చుని అందరికంటే గట్టిగా జవాబులు చెబుతోంది. చివరికి దాన్ని కృతజ్ఞత పూజగా మార్చి ముగించారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మదర్ కొంగు లాగి చూసి, కిలకిల నవ్వి పారిపోయారు. ఆవిడ ఒక్కర్ని కూడా కసురుకోలేదు.

జనం పల్చబడ్డాక మదర్ లేచి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఏదో ఒకటి చెప్పాలని, ఏం చెప్పాలో తెలీక, పెద్ద టీచరు వెనకాలే వెళ్ళి నిలబడింది.

"నా పాపాలు ఒప్పుకోవాలి, పాపసంకీర్తనం వినండి ఫాదర్. ఇప్పుడే," అంది మదర్.

ఫాదర్ గారు నవ్వేశారు. "మీకు పాపాలేమిటి మదర్! అంత ప్రయాణం చేసి వచ్చారు, కాసేపు నడుం వాల్చండి. రేపు చూద్దాం లెండి."

"నిన్నటిదాకా పెద్దగా ఏం లేవు ఫాదర్," అంది మదర్, మోకరించడానికి అటు నడుస్తూ. "ఇందాక పూజ మధ్యలో ఒకటి చేశాను."